కృత్రిమమేధయు ఇంటిబేరమును

సరకు కొనుట సామాన్యమైన పని యని మన మనుకొందుము. రూక లిచ్చి వస్తువు తెచ్చుకొనుటయే కదా యని దానిని గూర్చి యంతకంటె నాలోచింపము. నిదానించి చూచినచో నీ చిన్నపనిలో నాలుగు పనులు కలవు. మనకు గావలసిన దేదియో తెలిసికొనుట మొదటిది. దొరకువానిలో మంచిచెడ్డల నెంచుట రెండవది. చెప్పిన వెల న్యాయమైనదా కాదా యని తర్కించుట మూడవది. రూక చెల్లించుట నాలుగవది. మొదటి మూడును బుద్ధితో జేయవలసినవి. కడపటి దొక్కటియే చేతితో జేయవలసినది. రైలుబండి వచ్చినప్పుడును, తపాలాలో సరకులు తెప్పించుకొను వాడుక వచ్చినప్పుడును, ధర ముందే వ్రాసియుంచు పెద్ద అంగళ్లు వచ్చినప్పుడును సరకు మనయింటికి జేరు దారి మాఱినది గాని, యెంచుకొను భారము మనయందే నిలిచినది. నేడు కృత్రిమమేధ చేపట్టుచున్నది ఆ భారమునే. అందుచేత దీనిని మఱియొక వర్తకసౌకర్యముగా మాత్రమే లెక్కించి యూరకుండుట తగదు.

ఈ మార్పును గూర్చి రెండు తెగలవారి మాటలు వినబడుచున్నవి. ఒక తెగవా రిది గృహస్థుని బరువును దించుటకు వచ్చిన మహోపకారి యందురు. మఱియొక తెగవారు యంత్రమే యనర్థకమనియు, పూర్వపు సంతయే మేలనియు నందురు. పొగడ్తయు విమర్శ కాదు, తిట్టును విమర్శ కాదు. పూర్వము పెద్దయిండ్లలో బజారునకు బోవు నౌకరునకు దుకాణదారు చాటున ముట్టజెప్పు సొమ్మునకు దస్తూరి యని పేరుండెడిది. నౌకరు ఎంత చుఱుకైనవాడైనను, సరకు నెంత బాగుగ నెఱిగినవాడైనను, దస్తూరి రుచి మఱగినవాడైనచో వాని తెలివి యజమానునకు బనికిరాదు, దుకాణదారునకే పనికివచ్చును. వాని తెలివి పెరిగినకొలది యజమానుని నష్టమును బెరుగును. కృత్రిమమేధ తెలివియైనదా కాదా యని లోకము వాదించుచున్నది. గృహస్థు విచారింపవలసినది దాని తెలివిని గాదు, దాని దస్తూరిని. అది యెవరి యుప్పు తినుచున్నది? ఎవరి కొలువులో నున్నది? ఈ ప్రశ్నకు జవాబు దొరకనంతవరకు దాని సలహాను సలహాగా నెంచరాదు.

ఈ యంత్రము మన బజారులోని కెట్లు వచ్చెనో కొంచెము తెలిసికొనుట మంచిది. అమెరికాలో 1995లో పుస్తకముల నమ్ముటతో బయలుదేరిన అమెజాను సంస్థ 1998లో నొక పద్ధతి నమలులో బెట్టెను. ఆ పద్ధతి నేర్పఱచినవారే దానిని 2003లో నొక శాస్త్రపత్రికలో వివరించిరి. అందు మంత్రతంత్రము లేమియు లేవు. ఒక పుస్తకము కొన్నవారు దానితోబాటు మఱి యేయే పుస్తకములు కొనిరో ముందుగనే లెక్కకట్టి పట్టిక యొకటి సిద్ధపఱచుకొందురు. మనము పుస్తకమును జేతబట్టగానే ఆ పట్టికనుండి తోడిపుస్తకములను దీసి చూపుదురు. యంత్రమునకు పుస్తకములోని విషయము తెలియదు; చదువరి మనస్సును తెలియదు; కొన్నవారి యడుగుజాడలు మాత్రమే తెలియును. ఆ జాడల లెక్కయే నాడు కొనువారి మనస్సు నెఱిగిన జ్ఞానమువలె గనబడినది.

పిదప యంత్రము మాటాడ నేర్చెను. 2022 నవంబరులో చాట్‌జీపీటీ లోకమునకు బరిచయమైనది. 2024 ఫిబ్రవరిలో అమెజాను సంస్థ రూఫస్ అను పేరితో, కొనువారి ప్రశ్నలకు జవాబు చెప్పు సహాయకుని అమెరికాలో బ్రవేశపెట్టి, ఆ సంవత్సరము ఆగస్టులో మనదేశమునను బరీక్షార్థముగా నారంభించెను. 2025 సెప్టెంబరులో చాట్‌జీపీటీతో మాటాడుచు, ఆ మాటలనడుమనే, ఎట్సీ యను విపణిలోని వర్తకుల సరకు కొను వసతి అమెరికాలో నేర్పడినది. మఱుసటి నెల మనదేశములో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్, రేజర్‌పే, ఓపెన్‌ఏఐ సంస్థలు కూడి, యూపీఐ మార్గమున యంత్రముచేతనే సొమ్ము చెల్లింపించు ప్రయోగమును బ్రకటించినవి. కూరగాయలును బియ్యము పప్పులును నమ్ము బిగ్‌బాస్కెట్ అందు జేరినది. ఈ క్రమమును జూడుడు. మొదట మన వెనుక నడచి జాడలు చూచెను. తరువాత ప్రక్కన నిలిచి సలహా చెప్పెను. ఇప్పుడు సంచియు సొమ్మును తానే పుచ్చుకొని మనకు ముందుగా బజారునకు బయలుదేరుచున్నది.

దోషములు చెప్పుటకు ముందు దీనివలని మేలును న్యాయముగా నొప్పుకొనవలెను. మన యంగళ్లలో నందఱికిని నొక్కటే మర్యాద జరిగినదని చెప్పగలవారు లేరు. నలిగిన చీర గట్టుకొని పెద్ద బట్టలకొట్టులోనికి బోయిన స్త్రీకి మేలురకపు చీరలు దింపి చూపు గుమాస్తాలు కొందఱే. రెండు చూచి మూడవది చూపుమన్నచో ముఖము ముడుచుకొనువారు పెక్కుమంది. కులమునుబట్టి కొందఱిని మెట్టెక్కనీయక వీధిలోనే నిలువబెట్టి సరకిచ్చిన దురాచారము మనకు గ్రొత్త కాదు. యంత్రము విసుగుకొనదు, పదిమాఱు లడిగినను బదిమాఱులును జవాబు చెప్పును, ఏమియు గొనక తిరిగిపోయినను వెనుకనుండి గొణుగదు. దేహమునకు సంబంధించిన వస్తువులను గూర్చి పరాయివాని నడుగుటకు సిగ్గుపడి బాధ సహించు స్త్రీలకు నిది చిన్న విడుదల కాదు. 2020 జూనులో ఫ్లిప్‌కార్టు, సెప్టెంబరులో అమెజాను తమ విపణులను తెలుగులో దెఱచినవి. అక్షరము రానివారు నోటిమాటతో వెదకుటకును, చూపు లేనివారు వినుటతో నెంచుకొనుటకును సాధనము లేర్పడుచున్నవి. ఇంటి గడప దాటుటకు నొకరి యనుమతి గావలసిన కోడలు తన రూకతో తనకు గావలసినది తెప్పించుకొనగలుగుట సంఘసంస్కారము గోరువారు సంతోషింపదగిన విషయమే.

అయినను యంత్రము కుల మడుగదు గనుక సమత్వము సిద్ధించినదని తొందరపడరాదు. కుల మడుగని యంత్రము తాహతు నడుగవచ్చును. 2025 డిసెంబరులో అమెరికాలోని వినియోగదారుల సంఘమువారు ఇన్‌స్టాకార్ట్ అను కిరాణా విపణినిగూర్చి తమ పరీక్షఫలములను బ్రకటించిరి. ఒకే కొట్టులోని యొకే వస్తువునకు, ఒకే సమయమున, వేర్వేఱు మనుష్యులకు వేర్వేఱు వెలలు కనబడినవని వారి పరిశీలనలో దేలినది. ఈ భేదములు ఆయా మనుష్యుల స్వంతవివరములనుబట్టి చేసినవి కావని సంస్థవారు చెప్పుకొనిరి; అయినను ఆ నెలలోనే యా వెలల పరీక్షలను మానివేసిరి. స్వంతవివరములనుబట్టి గణితయంత్రము వెల నిర్ణయించినచో, ఆ సంగతిని వెల ప్రక్కనే తెలుపవలె నని న్యూయార్కు రాష్ట్రమువారు 2025లో నొక చట్టమును అమలునకు దెచ్చిరి.

మన సంతలలో మాత్రము అందఱికి నొకే వెల యున్నదా యని కొంద ఱడుగుదురు. లేదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి యను సామెత మనవారు ఊరక పుట్టించినది కాదు. కాని సంతలో బేరము వెలుగులో జరుగును. అమ్మువాడు పది యన్నచో కొనువా డారనును. ఇద్దఱును ఎనిమిదికో తొమ్మిదికో దిగుదురు. ప్రక్కవా డేమి యిచ్చెనో చెవి నిలిపి వినవచ్చును. కడపట గుప్పెడు కొసరును వేయించుకొనవచ్చును. యంత్రము మాటున వెల మాఱినచో బేరమాడినవా డొక్కడే. రెండవవానికి బేరము జరిగినట్లే తెలియదు. ప్రక్కవాని వెల వినుట కక్కడ ప్రక్కవాడే లేడు. ఏకాంతమున జరిగినది బేర మనిపించుకొనదు.

రెండవ దోషము వరుసను గూర్చినది. బజారులో నూఱు కొట్లుండవచ్చును. యంత్రము మూడో నాలుగో చూపును. తక్కిన తొంబదియాఱును మూతపడకున్నను మన కన్నులకు మూతపడినట్లే. ఏవి ముందుంచవలెను, ఏవి వెనుకకు నెట్టవలెను అను నధికారము పూర్వము రాజులకుగూడ లేని యధికారము. దాని విలువ యెంతయో ఐరోపాలో నడచిన యొక వ్యాజ్యెమువలన దెలియును. గూగుల్ సంస్థ వెదకుడు ఫలితములలో, ధరలను బోల్చిచూపు తన స్వంతశాఖను బైన నుంచి, పోటీదారులను గ్రిందికి దిగద్రోసినదని ఐరోపా కమిషను 2017లో 242 కోట్ల యూరోల జరిమానా విధించెను. 2024 సెప్టెంబరులో అక్కడి యత్యున్నతన్యాయస్థానము దానిని స్థిరపఱచెను. వస్తువులను దొంగిలింపలేదు, తూకమున మోసము చేయలేదు. వరుస మార్చుటయే యపరాధము.

మనదేశములోని 2020 సంవత్సరపు ఇ-వాణిజ్యనియమములును ఈ సంగతిని గుర్తించినవి. విపణిలో సరకుల వరుస నిర్ణయించు ముఖ్యమైన కారణము లేవో, వానిలో దేనికెంత బలమో, సామాన్యులకు దెలియు మాటలలో బ్రకటింపవలె నని యవి శాసించుచున్నవి. నియమము మంచిదే. కాని యిది పట్టికను మనస్సులో నుంచుకొని వ్రాసిన నియమము. పట్టికలో సొమ్ముతీసికొని ముందుంచిన సరకు ప్రక్కన ప్రకటన యను గుర్తు వేయుట సులభము. దానిని మన కన్ను పట్టుకొనుటయు సులభము. స్నేహితునివలె మాటాడు యంత్రము, “మీ యింటి కిది బాగుండును” అన్నప్పుడు, ఆ వాక్యములో ఎంత సలహా, ఎంత దస్తూరి యని విడదీయుట యెట్లు? పాలలో గలిసిన నీటికి ప్రత్యేకమైన రంగుండదు.

మన తరఫున బోవు కొనుగోలుయంత్రమైనను నూఱు కొట్లు తిరిగి నెమ్మదిగా నెంచునని నమ్మవలదు. 2025 నవంబరులో మైక్రోసాఫ్టు సంస్థ పరిశోధకులు ఆరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయమువారితో గూడి, కొను యంత్రములను అమ్ము యంత్రములను ఒక కల్పితవిపణిలో వదలి పరీక్షించి ఫలములను వెల్లడించిరి. మొదట వచ్చిన బేరమునే పట్టుకొను గుణము వానిలో విశేషముగా గనబడినది. కొన్ని యంత్రములు కపటపుమాటలకును లోబడినవి. అనగా సంతలో మొదటి కొట్టువాడు చెప్పిన మాట నమ్మి సంచి నింపుకొని వచ్చు అమాయకపు పిల్లవానికిని వీనికిని నీ విషయమున భేదము స్వల్పము. పిల్లవా డొక్కమాఱు మోసపోయి వచ్చినచో తల్లి మందలించును, వాడు నేర్చుకొనును. యంత్రము తెచ్చిన సరకు బాగుగలేదని మన మెవరిని మందలింపవలెను?

మూడవ దోషము సాక్ష్యమును గూర్చినది. కొత్తకొట్టులో గొనుటకు ముందు ఇరుగుపొరుగు నడుగుట మన యాచారము. “వాని నూనె కల్తీ, వీని తూకము సరి” యని చెప్పిన పొరుగింటావిడ రేపును మనప్రక్కనే యుండును గనుక ఆమె మాటకు బూచీ కలదు. ఆ పొరుగింటావిడ స్థానమున ఊరుపేరులేని సమీక్షకులు వచ్చి కూర్చుండిరి. తరువాత కూలికి వ్రాయు సమీక్షకులు వచ్చిరి. ఇప్పుడు కూలియు నక్కఱలేకుండ నూఱు గొంతుకలతో నూఱు సమీక్షలు క్షణములో వ్రాయు యంత్రము వచ్చినది. భారతీయ ప్రమాణసంస్థవారు ఆన్‌లైను సమీక్షలను గూర్చి 2022 నవంబరులో ఒక ప్రమాణము నేర్పఱచిరి. కృత్రిమమేధ కల్పించినవానితో సహా దొంగసమీక్షలను నిషేధించు నియమమును అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషను 2024లో జేసెను. వ్యాధి లేనిదే మందు వెదకరు గదా.

దీనిలో మఱియొక చిక్కు కలదు. వేలకొలది సమీక్షలను జదువు నోపిక మనకు లేదని, వాని సారమును రెండు వాక్యములలో జెప్పు పనిని గూడ యంత్రమే పూనుకొన్నది. సమీక్షలు నిజమైనవైనచో నిది యుపకారమే. అబద్ధమైనవైనచో అబద్ధమును వడగట్టి, దానిలోని తప్పులను దీసివేసి, నిష్పక్షపాతమైన కంఠముతో మనకు వినిపించినట్లగును. మోటు అబద్ధమును బట్టుకొనుటకు మనకు గొంత నేర్పు కలదు. మితిమీఱిన పొగడ్తయు, తప్పులతడక భాషయు దానిని బట్టియిచ్చెడివి. సారము దీసిన యబద్ధములో నా యానవాళ్లు మిగులవు.

ఈ మూడు దోషములును ఒక్కచో గూడిన యుదాహరణమును మన తెలుగునాటినుండియే చూపవచ్చును. పోచంపల్లి చీర యున్నది. దానిలోని విశేషమంతయు నేతకు ముందే జరుగును. నూలును లెక్కప్రకారము ముడులు గట్టి, కట్టినచోట రంగు అంటకుండ అద్ది, మరల విప్పి, మరల గట్టి, ఆ పోగులను మగ్గమునకు సాచి నేయుదురు. అందుచేత రంగు పోగులోనే యుండును. చీర నేవైపు త్రిప్పినను చిత్ర మొక్కతీరుగ గనబడును. చిత్రపు అంచులు కొంచెము కరగినట్లుండును. మరబట్టమీద అదే చిత్రమును అచ్చువేసినచో మీదివైపు మెఱయును, వెనుకవైపు వెలవెలబోవును. ఈ భేదమును మన యమ్మమ్మలు శాస్త్రము చదివి నేర్వలేదు. కొంగు పట్టుకొని వెనుకకు ద్రిప్పి చూచెడివారు. ఆ చేతియలవాటే వారి పరీక్ష.

తెఱమీద చీరకు వెనుకవైపు లేదు. పైగా నిప్పుడు బొమ్మను గూడ యంత్రమే వ్రాయగలదు గనుక, ఏ మగ్గముమీదను ఎన్నడును ఎక్కని చీర ఎవ్వరును గాని స్త్రీ భుజముమీద వ్రేలాడుచు మనకు గనబడవచ్చును. పోచంపల్లి పేరునకు భౌగోళికసూచికయను చట్టరక్షణ కలదు. చేనేతకు 2006నుండి ప్రభుత్వపు చేనేతముద్ర కలదు. ఆ ముద్ర యున్నదా యని యంత్రము నడిగినచో, అమ్మువాడు వ్రాసికొన్న మాటనే యది తిరిగి మనకు జెప్పవచ్చును. చవకయైనది ముందు, చిత్రము బాగున్నది ముందు, సమీక్ష లెక్కువైనది ముందు అను లెక్కలో, నెలలో నాలుగు చీరలు నేయు కుటుంబము నాలుగువేలు అచ్చువేయు మరకు వెనుకబడుట యాశ్చర్యము గాదు. మోసపోయిన గృహిణికి నష్టము కొన్ని రూకలు. పని పోయిన నేతగానికి నష్టము తరతరముల విద్య.

ఇక్కడ పూర్వపక్షము వచ్చును. “దుకాణదారు మాత్రము సత్యహరిశ్చంద్రుడా? వాడు తన లాభము జూచుకొనడా?” చూచుకొనును, సందేహము లేదు. కాని వాడు బల్ల కావలివైపున గూర్చుండును. వాని లాభము మన నష్టము గావచ్చునని వానికిని దెలియును, మనకును దెలియును. ఆ యెఱుకయే మనకు గవచము. కృత్రిమమేధ బల్ల కీవలివైపున, మన ప్రక్కన, మన యింటివారివలె గూర్చుండి మాటాడును. మన పిల్లల యీడును, మన యారోగ్యమును, మన నెలజీతపు తేదీని దానితో మనమే చెప్పుకొందుము. ఇంటిదొంగను ఈశ్వరుడైనను బట్టలేడందురు. దొంగ యగునని యిప్పుడే చెప్పుట యన్యాయము. ఇంటిలోనికి వచ్చినవానిని నీ వెవరివాడ వని యడుగకుండుట యవివేకము.

ఎవరివాడను ప్రశ్న న్యాయస్థానములకుగూడ జేరినది. పెర్‌ప్లెక్సిటీ యను సంస్థ యంత్రము మనుష్యుల తరఫున అమెజానులో బ్రవేశించి సరకు కొనుచు, తాను యంత్రమని తెలుపుటలేదని 2025 నవంబరులో అమెజాను దావా వేసెను. కొనువాని సేవకుడు కొనువానితో సమానుడని ప్రతివాదుల వాదము. తమాషా యేమనగా, ఇరువురును కొనువాని మేలునే కోరుచున్నామని చెప్పుకొనిరి. తప్పు జరిగినప్పు డెవరు పూచీ యను ప్రశ్నకు కెనడాలో నొక స్పష్టమైన జవాబు వచ్చినది. ఎయిర్ కెనడా వారి సంభాషణయంత్రము, ఆప్తుల మరణసందర్భమున నిచ్చు రాయితీని గూర్చి ప్రయాణికుని కొకరికి తప్పు చెప్పినది. ఆ మాట నమ్మి ఆయన టిక్కెట్టు కొనెను. యంత్రము మాటలకు తాము బాధ్యులము కామన్నట్లు సంస్థవారు వాదించిరి. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునలు ఆ వాదమును ద్రోసిపుచ్చి, తమ గుమ్మములో నిలిపిన యంత్రము మాట తమ మాటయే యని తీర్పు చెప్పి సొమ్ము ఇప్పించినది. మన న్యాయస్థానములును, వినియోగదారుల కమిషనులును ఈ మార్గమునే త్రొక్కవలెను.

ఇక నాలుగవ దోషము యంత్రములోనిది గాదు, మనలోనిది. కొనుటలో నుండిన శ్రమయే మనకు గొంత కాపుదలగా నుండెడిది. బజారునకు బోవుటకు ఎండ అడ్డము; తెచ్చుటకు బరువు అడ్డము; రూక లెక్కపెట్టి యిచ్చునప్పుడు చేయి ఒక్క క్షణ మాగెడిది. ఆ క్షణములో నెన్ని యనవసరపు కొనుగోళ్లు ఆగిపోయెనో యింటి పద్దుపుస్తకములకు దెలియును. ఇప్పు డరచేతిలోనే వైకుంఠము చూపబడుచున్నది. చేయి ఆగుటకు వ్యవధి లేదు. “రెండే మిగిలినవి, గడియలో నయిపోవును” అను తొందర, అడుగకుండగనే సంచిలో జేరు వస్తువు, వలదన్నచో సిగ్గుపఱచు మాట, కడపట బయటపడు రుసుము - ఇట్టి పదమూడు మాయోపాయములను బేర్కొని కేంద్ర వినియోగదారుల రక్షణసంస్థ 2023 నవంబరులో నిషేధించినది. చట్టము తొందరపెట్టు మాటను నిషేధింపగలదు గాని, తొందరపడు మనస్సును నిషేధింపలేదు. మన బలహీనత యే గంట కెక్కువయో జాడలనుబట్టి లెక్కకట్టగల యంత్రము ఎదుట నున్నప్పుడు, ఇంటి మితవ్యయము పూర్వముకంటె రెట్టింపు మెలకువ కోరును.

కావున జేయవలసిన దేమి? యంత్రమును ఇంటినుండి వెడలగొట్టుమని నేను చెప్పుటలేదు. పనివానిని బెట్టుకొనువారు వాని జీతము తామే యిచ్చి, వాని లెక్క తామే చూచుకొందురు. ఆ న్యాయమే యిక్కడను జెల్లవలెను. ప్రభుత్వమును మనము కోరవలసినది స్పష్టముగా నున్నది. సలహా చెప్పు యంత్రము ఆ సలహావలన నెవరియొద్ద నేమి పుచ్చుకొనునో, సలహా చెప్పిన చోటనే, అదే భాషలో, అదే కంఠముతో చెప్పవలెను. తెలుగులో సలహా చెప్పి, దస్తూరి సంగతిని ఇంగ్లీషు నిబంధనల యడుగున దాచుట చెల్లదు. మనుష్యునిబట్టి వెల మాఱినచో ఆ సంగతి వెల ప్రక్కనే యుండవలెను. యంత్రము చెప్పిన తప్పునకు దానిని నిలిపినవారే పూచీపడవలెను. ఇవి మూడును గొంతెమ్మకోరికలు గావు. మూడింటికిని లోకములో నిప్పటికే యేదో యొకచోట పోలిక యున్నదని పైన జూచితిమి.

గృహస్థుల మగు మనము జేయవలసినదియు గలదు. యంత్రము నడుగుటకు ముందు, మన కేమి కావలెనో, ఎంతవఱకు పెట్టగలమో, కాగితముమీద మనమే వ్రాసికొనవలెను. కోరికను గూడ దానిచేతనే పుట్టించుకొనరాదు. అది మెచ్చిన వస్తువులో లోపము లేమియని దానినే మరల నడుగవలెను. మేలుమాత్రమే చెప్పు సలహాదారుని నమ్మరాదు. ఎంచుటకు సహాయము కోరినను, సొమ్ము చెల్లించు బీగము చేతిని మాఱకుండ మనయొద్దనే యుంచుకొనవలెను. నెలకొక్కమాఱైనను పిల్లలను వెంటబెట్టుకొని సంతకో, సహకారభాండారమునకో పోయి, బియ్యము నోటవేసికొని, వంకాయ నొత్తి చూచి, బట్టను వెనుకకు ద్రిప్పి కొనవలెను. బాలురకు బాలికలకు సమానముగా ఈ విద్య నేర్పవలెను. బేరము స్త్రీలదనియు, సొమ్ము పురుషులదనియు విడదీసిన పాతపద్ధతి వలన ఇద్దఱికిని సగము జ్ఞానమే దక్కినది. ఈ చేతివిద్య యున్నవారికే యంత్రము చెప్పిన దానిలో తప్పెంతయో, ఒప్పెంతయో తెలియును. అది లేనివారికి యంత్రము చెప్పినదెల్ల నొప్పే.

ఎంచుకొను స్వాతంత్ర్యము చిన్నదిగ గనబడును. చీర యేది, పప్పు ఏది యను నంతమాత్రమే కదా యని యనిపించును. కాని మన సంఘములో స్త్రీకి, పేదవానికి, వెలిగా నుంచబడినవానికి, తనకు గావలసినది తానే యెంచుకొను హక్కు ఎంతకాలమునకు, ఎంతమంది కృషివలన వచ్చినదో చదువరు లెఱుగనిది కాదు. పెద్దవా రెంచి పెట్టుచుండగా తలవంచుకొని పుచ్చుకొన్న దినములు పోయినవని సంతోషించుచున్నాము. పెద్దవారి స్థానమున యంత్రమును గూర్చుండబెట్టి, సౌకర్యమను పేరితో మరల తలవంచుట ముందునడక యనిపించుకొనదు. యంత్రము బజారునకు పోవచ్చును, సరకు మోయవచ్చును, వెలలు చదివి వినిపింపవచ్చును. ఇది కావలెను, ఇది వలదు అను మాట మాత్రము ఇంటివారి నోటనుండియే రావలెను.